కొత్త ఎక్స్-రే పల్సార్‌ని ఎలా పట్టుకుంటారు?

కావలి నుంచి, బీఎస్సీ విద్యార్థి:
షార్ నుంచి రాకెట్ లేస్తే మా మేడ మీదికి కనిపిస్తుంది. 2024 జనవరి 1న ఇస్రో ఎక్స్-కిరణాల ఉపగ్రహం ఎక్స్‌పోశాట్ వెళ్లినప్పటి నుంచి ఎక్స్-రే పల్సార్ల గురించి చదువుతున్నా. పెద్ద నక్షత్రం పేలాక మిగిలే అతి దట్టమైన న్యూట్రాన్ నక్షత్రాలవి, తిరుగుతూ ఎక్స్-కిరణాల్లో లయగా మిణుకుమంటాయి. మన గెలాక్సీలో కొన్ని ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండి ఒక్కసారిగా భగ్గుమంటాయట. ఎటు చూడాలో తెలియనప్పుడు వాటిని పట్టేదెలా? ఆ వెలుగు పల్సార్‌దేనని ఎలా తేలుస్తారు? ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేని నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

ఒంగోలు నుంచి, ఫిజిక్స్ లెక్చరర్:
బాబూ, ఎక్స్-కిరణాలను మన వాతావరణం ఆపేస్తుంది. అందుకే కాపలా అంతా పైనే. అంతరిక్ష కేంద్రానికి బిగించిన జపాన్ వారి ఎక్స్-రే కెమెరా మ్యాక్సి 2009 నుంచి సుమారు గంటన్నరకోసారి ఆకాశాన్ని దాదాపు మొత్తం చుట్టి వస్తోంది. నిన్న ఏమీ లేనిచోట ఇవాళ వెలుగు కనిపిస్తే కబురు వెళ్తుంది, మిగతా టెలిస్కోపులు అటు తిరుగుతాయి. 2017 అక్టోబర్ 3న శర్మిష్ఠ మండలం వైపు స్విఫ్ట్ ఉపగ్రహానికి అలా దొరికిందే స్విఫ్ట్ జె0243.6+6124. మన గెలాక్సీలో తొలి అల్ట్రాల్యూమినస్ (మామూలు వాటికన్నా ఎన్నో రెట్లు వెలిగే) ఎక్స్-రే పల్సార్ అదే. మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం కూడా దాన్ని చూసింది.

అసలు పని ఆ తర్వాత. ఫోటాన్లు (ఎక్స్-కిరణాల రేణువులు) వచ్చిన వేళలన్నీ నమోదవుతాయి, చూడటానికి అంతా గజిబిజి. చీర అంచు పొడవునా హంసల వరుస ఉందనుకో. సరైన కొలతకు మడిస్తే హంస మీద హంస పడుతుంది, కొలత తప్పితే చెదిరిపోతుంది. కాలాన్నీ అలాగే రకరకాల కొలతలకు మడిచి చూస్తారు. ఆ స్విఫ్ట్ పల్సార్‌కి 9.86 సెకన్ల దగ్గర కుదిరింది. బ్లాక్ హోల్‌కి ఇంత నిలకడైన గడియారం ఉండదు. అయస్కాంత ధ్రువాల మీద వాయువు పడుతున్న న్యూట్రాన్ నక్షత్రానికి ఉంటుంది.

నెల్లూరు నుంచి, టెలిస్కోప్ ఉన్న మనిషి:
భగ్గుమనడానికి కారణం తోడు నక్షత్రంలో ఉంది. చాలావాటికి అది బీఈ రకం. విపరీతమైన వేగంతో తిరుగుతూ నడుము చుట్టూ వాయువును పోగేసుకుంటుంది. సాగిన కక్ష్యలో దగ్గరికొచ్చిన న్యూట్రాన్ నక్షత్రం ఆ వాయువును లాక్కుంటుంది. 1975లో ఏరియల్-5 ఉపగ్రహం కనుక్కున్న ఎ0535+26 అనే పల్సార్ అంటే నాకు ప్రాణం. 104 సెకన్లకొకసారి మిణుకు, 111 రోజులకో చుట్టు. 2020 నవంబర్‌లో ఎక్స్-కిరణాల్లో కొలబద్దగా వాడే క్రాబ్ నెబ్యులాకు పది రెట్లు పైగా వెలిగింది. దాని తోడు నక్షత్రం వృషభం కొమ్ముల మధ్య ఉంటుంది, కాంతి తరగతి సుమారు 9, అంటే ఉత్త కంటికి అందదు. చలికాలంలో మైపాడు బీచ్‌కి పోతే నా చిన్న టెలిస్కోప్‌కి చక్కగా అందుతుంది. కనిపించేది పెద్ద నక్షత్రమే, పల్సార్ కాదు. అయినా దాని చుట్టూ అది తిరుగుతోందని తెలిసి చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది.

కావలి విద్యార్థి:
ఒంగోలు సార్, మరి ల్యాప్‌టాప్ సంగతి?

ఒంగోలు లెక్చరర్:
మ్యాక్సి డేటా అందరికీ ఉచితం. ఎ0535+26 రోజువారీ లెక్కలు దించుకుని గ్రాఫ్ గీయి, 2020 నవంబర్ దగ్గర గీత ఎలా లేచిందో చూడు. రోజుకో చుక్కతో 104 సెకన్లు దొరకవు, కానీ 111 రోజులకు మడిచి చూడొచ్చు. సెకన్లు కావాలంటే ఆస్ట్రోశాట్ ఆర్కైవ్‌లో ఖాతా తెరువు. పైథాన్‌లో స్టింగ్రే అనే ప్యాకేజీ మడిచే పని చేసిపెడుతుంది. గ్రాఫ్ వచ్చాక ఇక్కడే పెట్టు, కలిసి చూద్దాం.