గ్రాహకం అనే మాటతో చిన్న పేచీ

ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తుంటాను, ఈ వారం ఒక మాట దగ్గర ఇరుక్కుపోయా. కణానికి బయటినుంచి వచ్చే కబురు అందుకునే ప్రోటీన్ రిసెప్టర్, దానికి మన పుస్తకాల్లో గ్రాహకం అని ఉంటుంది కదా. అది చదివి ఒకమ్మాయి "అంటే సార్, అడ్రినలిన్‌ని కణం లోపలికి లాగేసుకుంటుందా" అనడిగింది. తన తప్పేం లేదు, గ్రహణం అంటే రాహువు మింగడం అని చిన్నప్పట్నుంచీ వింటున్న పిల్ల మరి.

అసలు అడ్రినలిన్ (భయపడ్డప్పుడు రక్తంలోకి వచ్చే హార్మోన్) కణం గుమ్మం దాటదు. కణం పొరలో ఏడుసార్లు అటూ ఇటూ దారం కుట్టినట్టు దూరిన ప్రోటీన్ ఒకటుంటుంది, బయటివైపు అడ్రినలిన్ వచ్చి కూర్చోగానే దాని ఆకారం కాస్త మారుతుంది, ఆ కదలిక లోపలివైపున్న జీ ప్రోటీన్ అనే ఇంకో ప్రోటీన్‌కి తగుల్తుంది, అది పట్టుకున్న జీడీపీ అనే చిన్న అణువుని వదిలేసి జీటీపీ అనేదాన్ని పట్టుకుని ఆన్ అవుతుంది, దాంతో లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరిగి గుండె దడదడ. వచ్చినాయన వీధి అరుగు మీదే ఉన్నాడు, కబురు వంటింటి దాకా పోయింది. దీన్ని గ్రాహకం అంటే ఎలాగండీ? వేరే మాటేమన్నా ఉందా?

కామెంట్: హిందీలో గ్రాహక్ అంటే కస్టమర్ మాస్టారూ 😀 రిసెప్టర్‌ని వాళ్ళు గ్రాహీ అంటారు. అయినా ఇంగ్లీషు మాట మాత్రం ఏం తక్కువ తిన్నది, లాటిన్‌లో దానికీ పుచ్చుకునేవాడనే అర్థం.

కామెంట్: కాలింగ్ బెల్ అని చెప్పండి సార్, పిల్లలకి ఎక్కుతుంది.

పోస్ట్ పెట్టినవారు: అనుకున్నా, కానీ బెల్ ఎవరు నొక్కినా మోగుతుంది. ఇక్కడ వచ్చినవాడు సరిపోవాలి, పైగా ఒకే అడ్రినలిన్ గుండెలో బీటా 1 అనే రకం గ్రాహకం మీద కూర్చుంటే దడ, ఊపిరి గొట్టాల్లో బీటా 2 మీద కూర్చుంటే అవి సడలి గాలి ఆడుతుంది. ఆయాసం వాళ్ళు పీల్చే సాల్బుటమాల్ పని ఈ రెండోదే.

కామెంట్: మందుల షాపు వాణ్ణి, నాకు గ్రాహకం కన్నా యాంటగొనిస్ట్‌తోనే గొడవ, అంటే గ్రాహకం మీద కూర్చుని దాన్ని పనిచెయ్యనివ్వని మందు, విరోధి అంటారు గానీ అదెవరితోనూ కొట్లాడదు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాం చూడండి, అదే. సీటు నిండింది, కూర్చున్నది మాత్రం ఎవరూ లేరు. జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన, గుండె దడ తగ్గించే ప్రొప్రనలాల్ మందు అంతే, 1988లో నోబెల్ కూడా వచ్చింది ఆయనకి. కాకపోతే ఇది రెండు రకాల సీట్ల మీదా కర్చీఫ్ వేస్తుంది, అందుకే ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రమాదం.

కామెంట్: ఉగాది పచ్చడి సంగతి కూడా చెప్పండి సార్, బెల్లం తీపి, వేపపువ్వు చేదు ఈ ఏడు మెలికల గ్రాహకాల బాపతే. ఉప్పూ పులుపూ మాత్రం అయాన్ చానెళ్ళ దారి, అంటే కణం పొరలో అయాన్లు దూరే ద్వారాలు. కారం అసలు రుచే కాదు, వేడి తగిలితే తెరుచుకునే చానెలే మిరపకాయకీ తెరుచుకుంటుంది, నోరు మండుతోంది అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

కామెంట్: రిటైరైన తెలుగు పంతుల్ని, సైన్సు నాకు రాదు. గ్రహ్ ధాతువుకి పట్టుకోవడమే అర్థం, నిజమే, విగ్రహం ఆగ్రహం అనుగ్రహం అన్నీ దాని పిల్లలే. కానీ తెలుగులోకొచ్చాక గ్రహించడం ఏమైంది నాయనా? జీతం గ్రహించాడు అంటామా, పుచ్చుకున్నాడు అంటాం. విషయం గ్రహించాడు అంటాం. నువ్వు చెప్పిందాన్ని బట్టి కణం చేస్తున్నదీ అదేగా, మనిషిని లోపలికి రానివ్వకుండా సంగతి మాత్రం గ్రహించడం.

పోస్ట్ పెట్టినవారు: పంతులుగారూ, దణ్ణం. రేపు క్లాసులో గ్రాహకం అన్న మాట తీసెయ్యను, గ్రహణం పక్కన కాకుండా గ్రహించు పక్కన రాస్తాను బోర్డు మీద. కర్చీఫ్ కూడా చెప్తా, పరీక్షలో రాయొద్దని చెప్పి మరీ.

కామెంట్: కలరా చెప్పేటప్పుడు జాగ్రత్త సార్, అక్కడ గ్రహించడం లేదు ఏం లేదు. ఆ క్రిమి వదిలే విషం పేగు కణాల్లో దూరి నేరుగా జీ ప్రోటీన్నే ఆన్‌లో బిగించేస్తుంది, ఇక ఆఫ్ అవ్వదు, ఒంట్లో ఉప్పూ నీళ్ళూ అన్నీ పేగులోకి పోతాయి.

పోస్ట్ పెట్టినవారు: అవునండోయ్, దానికేం మాట వెయ్యాలో మళ్ళీ పంతులుగారే చెప్పాలి.