దారి లేని రెండెకరాలు కొనాలా, వద్దా?

హనుమకొండ బడిపంతులు
ఒక విషయం తేల్చుకోలేక అడుగుతున్నాను. భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లి వైపు రెండెకరాల పది గుంటల పట్టా భూమి అమ్మకానికి వచ్చింది. మంచి నల్లరేగడి. ఒక మూలన పాత బావి, గట్టున నాలుగు తాటిచెట్లు. తారురోడ్డు పక్కన ఎకరానికి చెబుతున్న ధరలో ఇది సగం కూడా లేదు. రోడ్డుకూ భూమికీ మధ్యన అమ్మేవారి అన్నగారి పొలం ఉండడమే ఇందుకు కారణం. ఆ పొలం గట్టు వెంట రెండు వందల మీటర్లు నడవాలి.

చైత్రంలో చూడడానికి వెళ్లినప్పుడు పత్తికట్టె పీకేసి, పొలం బయలుగా ఉంది. మధ్యవర్తి కారును నేరుగా బావి దాకా తీసుకెళ్లాడు. "అన్నదమ్ముల భూములే కదా సార్, దారికి ఎవరు అడ్డం చెబుతారు" అన్నాడు. అన్నగారు కూడా పక్కనే ఉండి "నడవండి సార్, మాకేం ఇబ్బంది లేదు" అన్నారు.

ఇరవై రెండేళ్ల జీతంలోంచి కూడబెట్టిన డబ్బు ఇది. ఉద్యోగ విరమణ తర్వాత సాగు చేసుకోవాలని నా కోరిక. మా ఆవిడ వద్దంటోంది. మా నాన్న మాత్రం మట్టి బాగుంటే దారి దానంతటదే వస్తుందంటున్నారు. మీరేమంటారు?

పరకాల పాత రైతు
కొనండి సార్. నాన్నగారి మాటే నా మాట. మా ఊళ్లో రోడ్డును ఆనుకుని భూమి ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతా అందరం ఒకరి గట్టు మీద నుంచి మరొకరం పోయేవాళ్లమే. మా తాత ఎడ్లబండి పోయిన చోటే నా ట్రాక్టరు పోతోంది. లోపలి వాళ్లు ముందు దున్నుకుంటారు, రోడ్డు వైపు వాళ్లు ఒకటి రెండు రోజులు ఆగి తర్వాత దున్నుతారు. వరికోతల్లో లెక్క తిరగబడుతుంది. రోడ్డు వైపు మడి ముందు కోస్తారు, యంత్రం దాని మీద నుంచే లోపలి మడికి దిగుతుంది. ఈ వరస ఏ కాగితంలోనూ లేదు. ఊరందరికీ తెలుసు.

రోడ్డు పక్కనే కావాలని పట్టుబడితే జీతం మీద బతికేవాళ్లు గానీ, చిన్న రైతులు గానీ ఈ జన్మలో భూమి కొనలేరు. ఆ ధరలు పంట పండించేవాడి కోసం పెట్టినవి కావు.

నర్సంపేట చెలక
పరకాల అన్న చెప్పిన పద్ధతి మా నాన్న ఉన్న రోజుల్లో నేనూ చూశాను. ఇప్పుడు నాకు జరిగింది చెబుతాను.

2015లో మూడెకరాలు కొన్నాం. రోడ్డు వైపు పొలం ఒక పెద్దాయనది. "నేనున్నన్నాళ్లూ నా పొలంలో నుంచే పోండి బిడ్డా" అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. నాలుగేళ్ల తర్వాత ఆయన పోయారు. కొడుకులు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు, భూమి అమ్మేశారు. కొన్నాయన వారం తిరగకుండా చుట్టూ రాతి కడీలు పాతించి ముళ్లకంచె లాగాడు. మేము వెళ్లి అడిగితే తన కాగితాలు చూపించాడు. వాటిలో దారి లేదు. మా కాగితాల్లోనూ లేదు.

ఆ ఏడాది పత్తి ఏరే వేళకు మాకు మిగిలింది చెరువుకట్ట మీది తోవ ఒక్కటే. చెరువు నిండి మత్తడి దూకుతున్నన్ని రోజులు అదీ లేదు. ఏరిన పత్తిని పాత చీరల్లో మూటలు కట్టి పొలంలోనే కుప్ప పోసి, టార్పాలిన్ కప్పాం. రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు టార్పాలిన్ ఎత్తి చెయ్యి లోపలికి పెడితే పత్తి వెచ్చగా తగిలింది. ఆ వేడి ఇప్పటికీ నా అరచేతిలో ఉంది. కట్ట మీదుగా నేనూ, ఇద్దరు కూలీలూ మూటలు తలమీద పెట్టుకుని రోడ్డు దాకా మోశాం. కొనుగోలు కేంద్రంలో యంత్రం పెట్టి చూస్తే తేమ పన్నెండు శాతం దాటింది. భారత పత్తి సంస్థ (సీసీఐ) ఎనిమిది నుంచి పన్నెండు శాతం వరకే తీసుకుంటుంది. బయట వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చి ఇంటికి వచ్చాం.

బోరు వేయిద్దామంటే బండి లోపలికి రాదు. రెండేళ్లుగా ఆ భూమి బీడుగా ఉంది. సార్, మీరు చెప్పిన ఆ అన్నగారు మంచివారే కావచ్చు. ఆయన తర్వాత ఆ పొలం ఎవరి చేతికి పోతుందో అడిగారా?

వరంగల్ న్యాయవాది
నర్సంపేట సోదరికి జరిగినట్టు జరిగినవాళ్లు మా దగ్గరకు తరచూ వస్తారు. చాలామంది "దారి లేని భూమికి చట్టమే దారి ఇప్పిస్తుంది కదా" అని మొదలుపెడతారు. అది సగం నిజం.

1882 నాటి ఈజ్‌మెంట్ల (వేరొకరి భూమిని వాడుకునే హక్కుల) చట్టం 13వ సెక్షన్‌లో అవసరాన్ని బట్టి పుట్టే దారి హక్కు ఉంది. అయితే ఆ రెండు భూములూ ఒకప్పుడు ఒకే యజమాని చేతిలో ఉండి, అమ్మకం వల్లనో పంపకం వల్లనో విడిపోయి ఉండాలి. వేరే దారి ఏదీ ఉండకూడదు. సోదరి కొన్న భూమీ, ఆ పెద్దాయన భూమీ మొదటి నుంచీ వేర్వేరు కుటుంబాలవైతే ఈ సెక్షన్ ఆమెకు అక్కరకు రాదు. 15వ సెక్షన్ కింద ఇరవై ఏళ్లు ఆటంకం లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిస్తే దారి హక్కు వస్తుంది. "పోండి బిడ్డా" అన్న అనుమతి మీద నడిచిన నడక ఆ లెక్కలోకి రాదు. అనుమతి ఇచ్చినవారు వెనక్కి తీసుకోవచ్చు.

మాస్టారి విషయం కొంత మెరుగు. అన్నదమ్ములంటున్నారు కాబట్టి తండ్రి పేరు మీద ఉన్న భూమిని పంచుకుని ఉంటే 13వ సెక్షన్ వర్తించే అవకాశం ఉంది. దారి ఎటు నుంచి ఇవ్వాలో చూపించే హక్కు అన్నగారిది. అది మీకు సరిపడా అనుకూలంగా ఉండాలి. కానీ ఇది సివిల్ కోర్టులో తేలే వ్యవహారం, ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా మీ పత్తి ఏ దారిన పోవాలి?

ఇంకొకటి, దీని దగ్గరే చాలామంది మోసపోతారు. అమ్మేవారు తన దస్తావేజులో "అన్న పొలం గుండా దారి కలదు" అని రాసిస్తారు. అక్కడ అన్న సంతకం లేకపోతే ఆ వాక్యానికి ఆయన కట్టుబడనక్కర్లేదు. తనది కాని భూమిలో తమ్ముడు దారి ఎలా రాసిస్తాడు? అన్నగారి చేతనే వెడల్పు, పొడవు, ట్రాక్టరూ లారీ పోవచ్చునన్న మాట, కొలతల పటంతో సహా దారి హక్కు పత్రం రాయించి రిజిస్టరు చేయించండి. అప్పుడది ఆయన వారసులకూ, రేపు కొనేవాళ్లకూ వర్తిస్తుంది. లేదా ఆ దారి మేర భూమిని కొనేయండి. బయానా ఇచ్చే ముందే ఇది జరగాలి. బయానా ఇచ్చాక మీ మాటకు బలం ఉండదు.

రోడ్డు వైపు పొలం
ఇక్కడ ఇప్పటిదాకా అందరూ దారి అడిగేవాళ్ల వైపు నుంచే మాట్లాడారు. నేను దారి ఇచ్చినవాణ్ని.

నా పొలం రోడ్డుకు ఆనుకుని ఉంది. వెనకాయన మొదట నడవడానికి గట్టు అడిగారు, సరేనన్నాను. తర్వాత ట్రాక్టరు. తర్వాత ఆయన ఆ భూమిని పట్నం వాళ్లకు అమ్మారు. వాళ్లు ఇల్లు కడతామని ఇసుక లారీలు తోలారు. ఆ బరువుకు నా పైపు పగిలింది, రెండు మడులకు నీళ్లు అందలేదు. అడిగితే "ఇది మా దారి" అన్నారు. నేను జాలిపడి ఇచ్చింది నాలుగేళ్లలో వాళ్ల దారి అయింది.

లెక్క చూడండి. రెండు వందల మీటర్లంటే 656 అడుగులు. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి పోవాలంటే పన్నెండు అడుగుల వెడల్పు కావాలి. మొత్తం 875 గజాలు. గుంటకు 121 గజాల చొప్పున ఏడు గుంటలు దాటింది. రెండెకరాలున్న నాలాంటివాడికి ఏడు గుంటలు చిన్న విషయమా? ఆ ఏడు గుంటల ధర తగ్గించుకునే మీరు లోపలి భూమిని చవకగా కొంటున్నారు. ఆ తగ్గింపు నా పొలంలోంచి రావాలా? దారి కావాలంటే రోడ్డు పక్క ధర కట్టి కొనుక్కోండి, చేతులెత్తి ఇస్తాను.

కాజీపేట మిత్రుడు
ఇంత ఆలోచన ఎందుకు? నాగపూర్ నుంచి విజయవాడకు వేస్తున్న కొత్త జాతీయ రహదారి పరకాల వైపు నుంచే పోతోంది. చుట్టుపక్కల భూములన్నీ పెరుగుతాయి. ఇప్పుడు కొనిపెట్టుకుంటే దారి సంగతి తర్వాత చూసుకోవచ్చు. అంతకంటే చవక కావాలంటే తాడ్వాయి, ఏటూరునాగారం వైపు చూడండి.

సర్వే గొలుసు
కాజీపేట మిత్రమా, మీ రెండు సలహాలూ ప్రమాదమే. తాడ్వాయి, ఏటూరునాగారం గిరిజన ఏజెన్సీ ప్రాంతం. అక్కడ గిరిజనేతరులకు భూమి బదిలీ 1970 నాటి ఒకటో నిబంధన ప్రకారం చెల్లదు. వన్ ఆఫ్ సెవెంటీ అని ఊరూరా తెలిసిన చట్టం అది. ఇక ఆ కొత్త రహదారిలోకి ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి వీలుండదు, నిర్ణయించిన చోట్లలోనే ప్రవేశం. మీ పొలం పక్కనుంచే పోయినా అది మీకు దారి కాదు. పాత బాటలను అడ్డంగా కోసే అవకాశం కూడా ఉంది.

మాస్టారూ, ఇరవై ఏళ్లుగా భూములు కొలుస్తున్నవాడిగా రెండు పనులు చెబుతాను. మొదటిది, గ్రామ నక్షా తీసి చూడండి. నిజాం కాలపు సర్వేలో గీసిన పటాల్లో బండ్లబాటలు చుక్కల గీతలతో ఉంటాయి. నక్షాలో బాట ఉంటే దాన్ని ఎవరు దున్నుకున్నా అది బాటే, తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి హద్దులు తీయించవచ్చు. మీ సర్వే నంబరు టిప్పన్, అంటే ఆ నంబరు కొలతల పటం కూడా అడగండి. పాత దస్తావేజుల్లో నాలుగు హద్దులు చదవండి, ఎక్కడైనా "బాట" అన్న మాట ఉందేమో. 2025 ఏప్రిల్‌లో ధరణి భూరికార్డుల వ్యవస్థ స్థానంలో వచ్చిన భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలన్న ఏర్పాటు ఉంది. మధ్యవర్తి తొందరపెట్టినా పటం గీయించకుండా కదలవద్దు.

రెండోది, వానలో వెళ్లి చూడండి. చైత్రంలో ప్రతి పొలానికీ దారి ఉంటుంది. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది, మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. అంత వాన ఏటా రాదు. కానీ నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడడానికి అంత వాన అక్కర్లేదు, రెండు రోజుల ముసురు చాలు. కాలు పెడితే చెప్పు మట్టిలోనే ఉండిపోతుంది.

పరకాల పాత రైతు
నర్సంపేట చెల్లెమ్మ రాసింది రెండుసార్లు చదివాను. వెచ్చబడిన పత్తి అంటే ఏమిటో నాకు తెలుసు, మనసుకు కష్టమనిపించింది. రోడ్డు వైపు పొలం తమ్ముడు చెప్పింది కూడా కాదనలేను.

అయినా ఒక మాట చెప్పాలి. ఊరి వరస తెంపింది ఎవరు? పక్కవాడి ముఖం కూడా చూడకుండా కొని, మొదటి వారంలోనే కడీలు పాతేవాళ్లు. మాస్టారు భూమి కొని సాగు చేస్తానంటున్నారు. సాగు చేసేవాళ్లు ఊళ్లోకి రావాలి, అందుకే కొనమన్నాను. కాగితం రాయించుకోవద్దని నేను అనలేదు. కాగితం రాయించుకున్నాక మీ గట్టు మీద నుంచి పోయే వెనకవాళ్లను మీరూ ఆపకండి. మీ రెండెకరాల అవతల ఎవరి భూమి ఉందో కనుక్కున్నారా సార్?

హనుమకొండ బడిపంతులు
కనుక్కోలేదు. ఆ ప్రశ్న చదివి సిగ్గుపడ్డాను. నిన్న మృగశిర వాన పడ్డ మర్నాడే వెళ్లాను. కారును రోడ్డు మీదే వదిలి, చెప్పులు చేత పట్టుకుని నడిచాను. రెండు వందల మీటర్లకు పావుగంట పైనే పట్టింది. నా భూమి అవుతుందనుకున్న దాని వెనక మరో ఇద్దరు రైతులున్నారు. వాళ్లు ఆ తాటిచెట్ల కింద నుంచే నడుస్తారట. మధ్యవర్తి వాళ్ల ఊసే ఎత్తలేదు.

నక్షా చూశాను. బాట లేదు. కానీ భూమి మొత్తం ఆ అన్నదమ్ముల నాన్నగారి పేరు మీద ఉన్నదేనని పాత పహాణీలో (గ్రామ భూరికార్డులో) తేలింది. న్యాయవాది గారికి ఆ నకలు చూపించబోతున్నాను.

తర్వాత అన్నగారి ఇంటికి వెళ్లాను. దారి హక్కు పత్రం, సంతకం అనగానే ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "నా మాట చాలలేదా సార్" అన్నారు. ఆ ముఖం చూసి నాకు లేచి వచ్చేయాలనిపించింది. ఇక్కడ చదివింది గుర్తొచ్చి కూర్చున్నాను. మీ మాట చాలు, మీ తర్వాతి వాళ్ల కోసమే అడుగుతున్నాను, ఊరికే వద్దు, రోడ్డు పక్క ధరే కడతాను అని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పన్నెండు అడుగులు ఇవ్వలేననీ, తాటిచెట్ల వైపు నుంచి పది అడుగులైతే కొడుకులను అడిగి చెబుతాననీ అన్నారు. పది అడుగులంటే ఆరు గుంటలు. ఇప్పుడు ఎకరం ధర నేననుకున్నంత చవక కాదు. వెనకున్న ఇద్దరు రైతులు కూడా ఆ దారిన పోవచ్చని పత్రంలో రాయమన్నాను.

బయానా ఇవ్వలేదు. ఆదివారం అన్నగారి పెద్దకొడుకు కరీంనగర్ నుంచి వస్తున్నాడట. టేపు తీసుకురమ్మన్నారు.