అలవాట్లు మార్చుకుంటే డిమెన్షియాను (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బును) ఆపగలమా?

లెక్కల మాస్టారు: 2024లో లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం) 14 ముప్పు కారణాలను గుర్తించి, వాటిని తొలగించగలిగితే ప్రపంచంలోని డిమెన్షియా కేసుల్లో సుమారు 45 శాతాన్ని నివారించవచ్చని, లేదా వాయిదా వేయవచ్చని అంచనా కట్టింది. రక్తపోటు, మధుమేహం, పొగ తాగడం, కదలకుండా కూర్చోవడం మన చేతిలో ఉన్నవే కాబట్టి తలరాత అని సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

గోదారి గట్టు: మా నాన్నగారు సిగరెట్టు ముట్టలేదు, రోజూ నడిచేవారు, పేపరు అక్షరం వదలకుండా చదివేవారు; అయినా డెబ్బై దాటాక సొంత వీధిలో దారి తప్పారు. మీ 45 శాతంలో ఆయన ఎక్కడున్నారు?

లెక్కల మాస్టారు: అది జనాభా మొత్తానికి వేసిన లెక్క, ఏ ఒక్కరికీ ఇచ్చిన హామీ కాదు. ఇంతకీ ఆయనకు చెవులు సరిగా వినిపించేవా? ఆ 45 శాతంలో వినికిడి లోపం వాటా 7 శాతం, వ్యాయామం లేకపోవడం వాటా 2 శాతమే.

పాలమూరు పిల్లోడు: చెవి మిషన్ ధర ఎంతో కూడా చెప్పండి మాస్టారూ.

గోదారి గట్టు: అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల వారికి ఆ మిషన్లే ఇచ్చి మూడేళ్లు గమనించిన అచీవ్ అధ్యయనంలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణతలో మొత్తం మీద తేడా కనిపించలేదని 2023లో తేలింది కదా.

లెక్కల మాస్టారు: ముప్పు ఎక్కువగా ఉన్న వారిలో క్షీణత 48 శాతం నెమ్మదించిన సంగతి మీరు వదిలేశారు.

నిశాచరి: హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, నిరక్షరాస్యుల్లోనూ ఆ తేడా ఉందని 2013లో ప్రచురించారు. జబ్బును ఆపే మంచి అలవాటని ఎవరూ రెండో భాష నేర్చుకోలేదు.

గోదారి గట్టు: మాస్టారూ, మీరు చెవుల గురించి అడిగిన తీరే నన్ను బాధించింది. ముందే చూపించి ఉంటే ఇంతదాకా వచ్చేదా అని బంధువులు నా ముఖం మీదే అన్నారు. మీ పట్టికలోనే తక్కువ చదువుకు 5 శాతం, గాలి కాలుష్యానికి 3 శాతం ఉన్నాయి. అవి ఎవరి అలవాట్లు?

లెక్కల మాస్టారు: మా అమ్మకు కూడా ఇదే జబ్బు, నాకిప్పుడు అరవై దాటాయి. చేయగలిగిందేమీ లేదని మీరంటుంటే నాకు ఉక్రోషం వస్తోంది, అందుకే అంకెలు పట్టుకుని వాదిస్తున్నాను.

గోదారి గట్టు: చేయగలిగిందేమీ లేదని నేను అనలేదు. మీరు రక్తపోటు చూపించుకోండి, నడవండి. జబ్బు వచ్చాక మాత్రం ఇంట్లోవాళ్లను లెక్క అడగకండి.