మూడో టెలికాం కంపెనీని బతికించాలా, కలిపేయాలా?

తెనాలి రీఛార్జ్:
వొడాఫోన్ ఐడియా కట్టాల్సిన బాకీల కింద ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో 16,133 కోట్లకు షేర్లు తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో ఇంకో 36,950 కోట్లకు తీసుకుంది. వాటా 49 శాతం దగ్గరికి వచ్చింది. ఇప్పుడు కొందరు ఆ కంపెనీని బీఎస్‌ఎన్‌ఎల్‌లో కలిపేయమంటున్నారు. కొందరు పోతే పోనివ్వమంటున్నారు. మీరేమంటారు?

నాది తెనాలిలో సెల్ షాపు. 2010 ప్రాంతంలో నా కౌంటర్ మీద ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, బీఎస్‌ఎన్‌ఎల్, రిలయన్స్, టాటా డొకొమో, ఎయిర్‌సెల్, యునినార్ స్టిక్కర్లు ఒకదాని మీద ఒకటి ఉండేవి. పొద్దున్నే డిస్ట్రిబ్యూటర్ల కుర్రాళ్లు వరసలో నిలబడి మా కార్డే అమ్మండన్నా అని బతిమాలేవాళ్లు. ఇప్పుడు నేను బతిమాలాలి.

నా గోల నా కమిషన్ గురించి కాదు. ఇన్‌కమింగ్ కోసం మాత్రమే ఫోన్ పెట్టుకునే వాళ్ల గురించి. ఒకప్పుడు లైఫ్‌టైమ్ సిమ్ వేసుకుని పది రూపాయల టాపప్‌తో నెలలు గడిపేసేవాళ్లు. 2018 చివర్లో, అంటే వొడాఫోన్, ఐడియా కలిసిన రెండు మూడు నెలలకే, 28 రోజులకి కనీసం 35 రూపాయలు వేయించాల్సిందే అన్నారు. 2021 చివరికి అది 99 అయింది. 2023 ఆరంభానికి చాలా సర్కిళ్లలో, అంటే టెలికాం వాళ్లు దేశాన్ని పంచుకున్న ప్రాంతాల్లో, 155 అయింది. 2024 జులైలో పెంచిన తర్వాత 28 రోజులకి 199. నా ఉద్దేశంలో ఇదంతా కలిపేయడం వల్ల వచ్చిందే.

లెక్కల పిచ్చి:
తెనాలి గారూ, మీరు రోగానికి, మందుకి తేడా లేకుండా మాట్లాడుతున్నారు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. కాల్స్ ఫ్రీ, 2017 మార్చి దాకా డేటా కూడా ఫ్రీ. దానికి తోడు 2017 అక్టోబరు 1 నుంచి ఒక కంపెనీ కాల్‌ని ఇంకో కంపెనీ తన కస్టమర్‌కి కలిపినందుకు ఇచ్చే చార్జీని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిమిషానికి 14 పైసల నుంచి 6 పైసలకు కోసింది. పాత కంపెనీల ఆదాయం పోయింది, స్పెక్ట్రం కోసం చేసిన అప్పు మాత్రం అలాగే ఉంది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివర్లో కాల్స్ సేవ మూసేసింది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా పిటిషన్ వేసింది. ఆ రెండింటి కస్టమర్లు అదే నంబరుతో వేరే కంపెనీకి మారే పోర్ట్ కోడ్ కోసం ఎంత అల్లాడారో షాపులో కూర్చున్న మీకే బాగా తెలుసు. టెలినార్, అంటే మీ పాత యునినార్, ఎయిర్‌టెల్‌లో కలిసింది కాబట్టి దాని కస్టమర్లు నంబరు మార్చుకోకుండా, ఎక్కడికీ తిరగకుండా అటు వెళ్లిపోయారు. చచ్చేదానికంటే కలిసేది నయమే కదా.

డేటా సంగతి కూడా చెప్పండి మరి. ట్రాయ్ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీ సగటున 269 రూపాయలు. ఇప్పుడు తొమ్మిది, పది. పదిమంది ఉన్నప్పుడు జీబీ 269, ప్రైవేటులో ముగ్గురు మిగిలాక తొమ్మిది. మీ సూత్రం ఇక్కడ ఎలా పనిచేస్తుందో కాస్త వివరించండి.

పాత నంబరు:
వయసు పైబడినవాణ్ణి, నాకో మాట చెప్పే అవకాశం ఇవ్వండి.

మన సర్కిల్లో సెల్‌ఫోన్ వచ్చిన కొత్తలో ఉన్నవి రెండే కంపెనీలు, జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్. కాల్ వస్తే ఎత్తాలంటే భయం, ఇన్‌కమింగ్‌కీ డబ్బే. మోగిన ఫోన్ కట్ చేసి, పక్కనున్న ఎస్‌టీడీ బూత్‌కి వెళ్లి తిరిగి చేసేవాళ్లం. 1999లో జేటీని భారతీ వాళ్లు కొన్నారు. టాటా సెల్యులార్ బిర్లా వాళ్లతో కలిసి చివరికి ఐడియా అయింది. కాబట్టి విలీనాలు ఈనాటివి కావు.

ఇన్‌కమింగ్ ఎప్పుడు ఫ్రీ అయింది? 2003లో. అప్పటికి ఏమైంది? 2002 అక్టోబరులో బీఎస్‌ఎన్‌ఎల్ సెల్ వచ్చింది, వెనకాలే రిలయన్స్ వచ్చింది. 2009లో టాటా డొకొమో సెకనుకి పైసా అనగానే నెలల్లో మిగతావాళ్లూ అదే పాట పాడారు. ధర తగ్గిన ప్రతిసారీ అంతకుముందు కొత్తగా ఎవరో ఒకరు వచ్చారు. జియో కూడా అలా వచ్చిందే. లెక్కల పిచ్చి గారూ, మీ 269 తొమ్మిది అయింది ముగ్గురు మిగిలినందుకు కాదు, ఒకడు కొత్తగా వచ్చినందుకు. వచ్చేవాడు వచ్చేశాడు. ఇక ముందు ఎవరొస్తారు?

లెక్కల పిచ్చి:
2003 లెక్కలో సగమే చెప్పారు గురువుగారూ. 1999 టెలికాం విధానంలో స్థిరమైన లైసెన్సు ఫీజు బదులు ఆదాయంలో వాటా అన్నారు. ఆ వెసులుబాటు లేకపోతే కొత్తవాళ్లు వచ్చి ఉండేవాళ్లు కాదు. తర్వాత ఆ 'ఆదాయం' అంటే ఏమిటన్నదే పెద్ద గొడవైంది. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది. వొడాఫోన్ ఐడియా మీద పడింది 58 వేల కోట్ల పైన. అందులో ఎక్కువ భాగం వడ్డీ, జరిమానా, జరిమానా మీద వడ్డీ. 2018 ఆగస్టు 31న కలిసినప్పుడు వాళ్లకి 40 కోట్ల 80 లక్షల కస్టమర్లు. ఇప్పుడు దాంట్లో సగం. దీనికి విలీనాన్ని తప్పుపడితే ఎలా?

కొత్తగా ఎవరొస్తారు అన్నదానికి మాత్రం ఎవరూ రారనే నేనూ అనుకుంటున్నాను. ఒప్పుకుంటాను.

ప్లానో బాబాయి:
ఇక్కడ అమెరికాలో ఇదే సినిమా చూశాం. 2020 ఏప్రిల్ 1న టీ-మొబైల్, స్ప్రింట్‌ని కలిపేసుకుంది. 26 బిలియన్ డాలర్ల బేరం. నాలుగు మూడైతే ఎలా అని అడిగితే, డిష్ అనే శాటిలైట్ టీవీ కంపెనీకి బూస్ట్ బ్రాండ్, కొంత స్పెక్ట్రం కొనుక్కునే వీలు ఇప్పించి ఇదిగో మీ నాలుగోది అన్నారు. 2025 ఆగస్టులో ఆ నాలుగోదాని మాతృసంస్థే తన స్పెక్ట్రంలో పెద్ద భాగాన్ని 23 బిలియన్లకు ఏటీ అండ్ టీకి అమ్మడానికి ఒప్పుకుంది.

మూడేళ్లు ప్లాన్ల ధర పెంచం అని మాటిచ్చారు. మూడేళ్లు గడిచాయి, 2024లో పాత ప్లాన్ల మీద లైనుకి ఇన్ని డాలర్లని పెంచారు. 2023లో ఐదు వేల ఉద్యోగాలు తీశారు. కాన్సస్ వైపు స్ప్రింట్ ఆఫీసుల్లో కాంట్రాక్టు మీద చేసిన మనవాళ్లు నాకు తెలుసు. విలీనం వార్త వచ్చిన రోజు నుంచి ప్రాజెక్టు ఉంటుందా పోతుందా అని వాళ్లకి ఒకటే టెన్షన్.

అయితే నెట్‌వర్క్ మాత్రం బాగుపడింది, కాదనను. స్ప్రింట్ దగ్గర పూర్తిగా వాడకుండా పడున్న 2.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌తో టీ-మొబైల్ 5జీ దేశమంతా పరుచుకుంది. కాబట్టి కలపడమా వద్దా అన్నదానికంటే, కలిపేటప్పుడు పెట్టిన షరతు ఎన్నేళ్లు నిలబడుతుందో చూసుకోండి. మా దగ్గర మూడేళ్లకి పెట్టారు, మూడేళ్లే నిలబడింది.

మాధాపూర్ కీవర్డ్:
ఇంతమంది మాట్లాడారు గానీ, విలీనం జరిగితే మొదట తెలిసేది మా డెస్క్ మీద. నేను సెర్చ్ ప్రకటనలు చూసే ఉద్యోగంలో ఉన్నాను.

గూగుల్లో మీరు ఏదైనా వెతికినప్పుడు పైన 'స్పాన్సర్డ్' అని వచ్చేవి వేలంలో వచ్చినవే. ఎంత పాడారన్నదాన్ని, ప్రకటన ఎంత పనికొచ్చేదన్నదాన్ని కలిపి చూసి చోటు ఇస్తారు. మీ కిందున్నవాణ్ణి దాటడానికి ఎంత కావాలో దాదాపు అంతే మీరు కట్టేది. అంటే మీ ఖర్చుని తేల్చేది మీ పోటీదారే. 'నంబర్ పోర్ట్' లాంటి మాట మీద ఎనిమిదిమంది పాడితే ఒక ధర, ముగ్గురు పాడితే ఇంకో ధర. నిన్నటిదాకా ఒకరి పేరు మీద ఒకరు పాడుకున్న రెండు కంపెనీలు కలిసిపోగానే ఆ పాట ఆగిపోతుంది.

పోటీదారు పేరు మీద పాడటం తప్పా అంటే, మన దగ్గర దాని మీద తీర్పులున్నాయి. 2023లో ఢిల్లీ హైకోర్టు ఒక ప్యాకర్స్ అండ్ మూవర్స్ సంస్థ కేసులో, ఇందులో గూగుల్ చేతులు కట్టుకు కూర్చున్న మధ్యవర్తి కాదు అంది, కానీ ఇతరుల ట్రేడ్‌మార్కుని కీవర్డ్‌గా వాడినంత మాత్రాన ఉల్లంఘన అయిపోదని కూడా చెప్పింది. అదే ఏడాది మేక్‌మైట్రిప్, బుకింగ్ డాట్ కామ్ కేసులోనూ జనం తికమకపడనంతవరకు తప్పు లేదన్న దారిలోనే వెళ్లింది. నేనైతే ఆ తీర్పు మంచిదే అంటాను. ఎవడో ఒక కంపెనీ పేరు కొట్టినప్పుడు పక్కన ఇంకో కంపెనీ 'మా దగ్గర ఇంతకే' అని కనపడితే నష్టం ఎవరికి?

నన్ను భయపెట్టేది ఖాళీ అయిన చోటు. అసలు కంపెనీలు పాడటం తగ్గిస్తే ఆ చోట్లోకి ఎవరొస్తారు? ఫలానా కంపెనీ కస్టమర్ కేర్ నంబర్ అని కొట్టి, పైన కనపడ్డ నంబరుకి ఫోన్ చేసి, స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించుకుని ఖాతా ఖాళీ చేయించుకున్నవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు.

లెక్కల పిచ్చి:
మేడమ్, ప్రకటనల ఖర్చు తగ్గితే మంచిదే కదా. ఆ మిగిలిన డబ్బు టవర్ల మీద పెడతారు.

మాధాపూర్ కీవర్డ్:
పెడతారని ఎవరన్నారు సార్? పోటీ తగ్గి మిగిలిన డబ్బుని పోటీ లేనివాడు టవర్ మీద ఎందుకు పెడతాడు? 2024 జూన్ చివర్లో ధరల పెంపు జియో ముందు ప్రకటించింది, మర్నాడు ఎయిర్‌టెల్, ఆ వెంటనే వీఐ, అంటే వొడాఫోన్ ఐడియా. రోజుకి 1.5 జీబీ వచ్చే 28 రోజుల ప్లాన్ ఎయిర్‌టెల్‌లోనూ వీఐలోనూ 349 దగ్గరే ఆగింది. ముగ్గురికీ ఒకే కల వచ్చినట్టుంది.

పాడేరు టీచరు:
మీ చర్చ బాగుంది. మా దగ్గర ఉన్నది ఒక్క టవరు. ఏ కంపెనీదని అడగొద్దు. దేశంలో పది కంపెనీలున్నప్పుడూ అదొక్కటే, మూడున్నప్పుడూ అదొక్కటే. పొద్దున స్కూల్లో హాజరు యాప్‌లో ముఖం ఫొటో ఎక్కాలంటే ఘాట్ మలుపు దగ్గరికి నడవాలి. అక్కడ రెండు గీతలు వస్తాయి. వాన పడితే అవీ ఉండవు. బడి దగ్గరేమో 'నో సర్వీస్'. పిల్లలకి కూడా ఆ మలుపు పేరు 'సిగ్నల్'.

2025 జనవరిలో ప్రభుత్వ నిధులతో కట్టిన 4జీ టవర్ల మీద బీఎస్‌ఎన్‌ఎల్, ఎయిర్‌టెల్, జియోల్లో ఏ సిమ్ అయినా పనిచేసేలా ఏర్పాటు మొదలుపెట్టారు. నాకు కావాల్సింది అదీ. కంపెనీలు మూడుంటాయో రెండుంటాయో మీరు తేల్చుకోండి. జనం డబ్బుతో కట్టిన టవరుని, మీరన్నట్టు జనం డబ్బు 53 వేల కోట్లు పెట్టిన కంపెనీ టవరుని, అందరికీ తెరిచి ఉంచమనండి. వాటా తీసుకున్నప్పుడు ఆ షరతు ఎందుకు పెట్టలేదని ఇక్కడ ఒక్కరూ అడగలేదే?

లెక్కల పిచ్చి:
టీచరు గారి పాయింటు గట్టిది. కానీ ఆ కంపెనీ టవర్లలో చాలావరకు వాళ్ల సొంతం కావు, ఇండస్ లాంటి టవర్ కంపెనీల దగ్గర అద్దెకి తీసుకున్నవి. తెరవాల్సింది ఇనుప స్తంభాన్ని కాదు, దాని మీద నడిచే నెట్‌వర్క్‌ని. అది కూడా చేయొచ్చు, రోమింగ్ ఒప్పందంతో. అలా చేస్తే మాత్రం ఎయిర్‌టెల్, జియో కొండ మీద సొంతంగా ఎందుకు పెట్టుబడి పెడతాయన్న ప్రశ్న వస్తుంది.

పాడేరు టీచరు:
ఇప్పుడు పెడుతున్నాయా సార్?

పాత నంబరు:
దెబ్బ తగిలింది.

తెనాలి రీఛార్జ్:
అందరివీ చదివాను. లెక్కల పిచ్చి గారూ, మీ 269, తొమ్మిది లెక్క నిజమే, కానీ అది డేటా వాడేవాడి లెక్క. నేను చెప్పేది డేటా వద్దన్నవాళ్ల గురించి. 2024 డిసెంబరులో ట్రాయ్ కాల్స్‌కి, మెసేజ్‌లకి మాత్రమే ప్లాన్ పెట్టి తీరాలంది. మంచి మాట. 2025 జనవరిలో పెట్టారు కూడా. ఎలా పెట్టారో చూడండి. 84 రోజులది నాలుగు వందల పైచిలుకు. లేదా ఏడాదిది పదిహేడు, పద్దెనిమిది వందలు. రోజు లెక్కన చూస్తే చవకే. కానీ మా వీధి చివర ఉండే పెద్దావిడకి ఒకటో తారీఖున పింఛను నాలుగు వేలు వస్తుంది. అందులో మందులకి, బియ్యానికి, పాలకి పోను ఒకేసారి నాలుగు వందల యాభై తీయడం ఆమె వల్ల కాదు. అందుకని 199 వేయించుకుంటుంది. అది 28 రోజులది. తారీఖు నెలనెలా వెనక్కి జరుగుతూ ఇరవై రెండుకో ఇరవై మూడుకో వస్తుంది. పింఛను ఇంకా వారం దూరం. ఆ వారం అవుట్‌గోయింగ్ ఉండదు. బెంగళూరులో ఉన్న కూతురు వారం తర్వాత ఫోన్‌పేలో వేస్తుంది, లేదంటే నేను వేసి నోటుబుక్కులో రాసుకుంటాను.

పది కంపెనీలున్నప్పుడు ఈ ఒక్క మనిషి కోసం కూడా ఎవడో ఒకడు కార్డు తెచ్చేవాడు. పదిహేను రూపాయల కార్డు, ఇరవై రూపాయల కార్డు. ఎందుకంటే వాడికి ఇంకో కస్టమర్ దొరకడు. ఇప్పుడున్న ముగ్గురిలో ఇద్దరికి ఆమె అక్కర్లేదు. మూడోవాడికి అక్కర ఉన్నా, నిలబడటానికి వాడికే ఓపిక లేదు.

కాబట్టి నా ఓటు కలపొద్దు అనే. బీఎస్‌ఎన్‌ఎల్‌లో అసలు కలపొద్దు. 2025 సెప్టెంబరులోనే అది స్వదేశీ 4జీ మొదలుపెట్టింది, ఆ టవర్లు సర్దుకోవడానికే టైమ్ పడుతుంది. దాని మీద ఇంత అప్పున్న కంపెనీని పడేస్తే రెండూ పోతాయి. 49 శాతం వాటా ఉన్నవాళ్లు టీచరు గారు చెప్పిన షరతు పెట్టాలి, దాంతో పాటు నెల తారీఖుకి సరిపోయే వంద రూపాయల కాలింగ్ ప్లాన్ ఒకటి పెట్టించాలి. ఆ కంపెనీకి కస్టమర్లు కావాలి కదా, మా వీధిలో ఉన్నారు.

లెక్కల పిచ్చి:
వంద రూపాయల ప్లాన్‌తో ఆ కంపెనీ ఇంకా తొందరగా మునుగుతుంది సార్. ఒక కస్టమర్ నుంచి నెలకి వచ్చే సగటు ఆదాయంలో ముగ్గురిలోనూ వాళ్లే అడుగున ఉన్నారు. రేపు లెక్క వేసి పెడతాను, చూడండి.

తెనాలి రీఛార్జ్:
పెట్టండి. ఆ లెక్కలో ఆగిపోయిన సిమ్ముల నుంచి వచ్చే ఆదాయం ఎంతో కూడా వేయండి. షాపు తెరిచే టైమ్ అయింది, రాత్రికి చూస్తాను.