చదివేముందు మోటివేషన్ వీడియో: ఊపా, టైమ్ దండగా?

చిక్కడపల్లి_గ్రూప్1: సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున సీటు దొరకడమే గగనం. మా రూమ్మేట్లు మాత్రం వీడియో చూడందే పుస్తకం తెరవరు. నిన్న మాలావత్ పూర్ణ మీద ఒకటి. పదమూడేళ్ల పిల్ల ఎవరెస్ట్ ఎక్కితే నీకు చదవడానికి బద్ధకమా అన్న ధోరణి. నా మటుకు ఇది దండగ. మీరేమంటారు?

ఇందూరు_అక్క: దండగ అనకు తమ్ముడూ. పూర్ణది మా నిజామాబాద్ జిల్లానే, పాకాల. మా పెద్దదాన్ని హాస్టల్‌కు పంపేది లేదని మా అత్తమ్మ పట్టుబట్టింది. పేపర్లో పూర్ణ ఫొటో చూపించినం. కూలి చేసుకునేటోళ్ల బిడ్డే పోయింది గదా అని మెత్తబడ్డది. ఆ ఒక్క ఫొటో లేకుంటే నా బిడ్డ చదువు ఏడో తరగతితోనే ఆగిపోతుండె.

పీఈటీ_భువనగిరి: అక్క చెప్పింది నిజం. కానీ ఆ వీడియోలు శిఖరం చూపించి ఊరుకుంటాయి, మా భువనగిరి గుట్ట ఊసెత్తవు. పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. అప్పటి కార్యదర్శి ప్రవీణ్‌కుమార్ గారు పూనుకున్నారు, శేఖర్‌బాబు గారు కోచ్. ముందు ఇక్కడి రాతి మీద తాడు పట్టించారు, తర్వాత డార్జిలింగ్, ఆపైన లద్దాఖ్ చలి. నేపాల్ వైపు పదహారేళ్ల లోపువాళ్లను ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. 2014 మే 25న ఇద్దరూ 8,848 మీటర్ల పైన నిలబడ్డారు.

నేను పిల్లలను గుట్ట ఎక్కిస్తుంటా. సగం దూరం పోయాక కిందికి చూస్తారు, అంతే, బల్లిలా రాయికి అతుక్కుపోతారు. అరచేతులు చెమటలు, పెదాలు ఎండిపోతాయి. కింద నుంచి ‘నీవల్ల అవుతుందిరా’ అని ఎంత అరిచినా కదలరు. ‘కుడికాలు పక్కన, మోకాలెత్తులో పగులుంది, బొటనవేలు అక్కడ పెట్టు’ అంటే కదులుతారు. కావలసింది ఆ మాట, ఆ తాడు పట్టుకున్న మనిషి.

గుంటూరు_మెయిన్స్: సార్ మాటకు నాదొకటి కలుపుతా. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్లో జరిగింది, పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబర్లో హైకోర్టు అదీ కొట్టేసింది. అప్పులు చేసి రూమ్ అద్దె కట్టిన పిల్లలకు పాజిటివ్‌గా ఉండమని చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది. గెలవకపోతే లోపం నీ మనసులోనే ఉందని నమ్మించేస్తాయి ఆ వీడియోలు. నాకు కోపమంతా అక్కడే.

ఇందూరు_అక్క: కోపం న్యాయమే. అయినా సార్, గుట్ట దగ్గరికి రావాలన్న బుద్ధి పుట్టాలె గదా ముందు? ఇంట్లో ఎవరూ డిగ్రీ మొహం చూడని పిల్లకు ఆ బుద్ధి ఎక్కడ పుడతది? తమ్ముడి రూమ్మేట్లకు అది ఎప్పుడో పుట్టింది, పుస్తకాలు కొన్నరు. రోజూ మళ్లీ పుట్టించుకునుడు ఎందుకో నాకూ తెలుస్తలేదు.

పీఈటీ_భువనగిరి: ఒప్పుకుంటానమ్మా. మొదటిరోజు పిల్లలకు పూర్ణ పేరు నేనూ చెప్తా. రెండో రోజు నుంచి ముడి ఎలా వేయాలో చెప్తా.

చిక్కడపల్లి_గ్రూప్1: వీడియోల మీద నా మాట మారలేదు. సార్ చెప్పిన ఆ మోకాలెత్తు పగులు మాత్రం నాకిప్పుడు అవసరం. ఎస్సే రాస్తే ఇంట్రో దగ్గరే సమయం అయిపోతోంది. పేపర్లు దిద్దే సీనియర్లు ఎవరైనా ఉన్నారా?

గుంటూరు_మెయిన్స్: రెండు ఎస్సేలు ఫొటో తీసి పెట్టు తమ్ముడూ, టైమ్ పెట్టుకుని రాసినవే. రాత్రికి చూస్తా.