అప్‌డేట్: డయాలసిస్ ట్యూబింగ్ గొడవ ఎంతవరకు వచ్చిందంటే

పోయిన వారం అడిగింది నేనే. శ్రీకాకుళంలో మా చిన్న డయాలసిస్ యూనిట్‌కి వచ్చిన బ్లడ్ ట్యూబింగ్ సెట్లు (పేషెంట్ రక్తాన్ని మెషిన్‌కి తీసుకెళ్లి తిరిగి తెచ్చే గొట్టాలు) జాయింట్ దగ్గర గాలి లాగుతున్నాయి, మెషిన్ అలారం ఆగట్లేదు, వాటిని పక్కన పెడితే స్టాకు చాలదు, ఏం చేయాలని.

మెషిన్‌దే తప్పనుకుని రెండు రోజులు ఇంజనీర్‌ని ఊరికే తిప్పాం. మీలో ఒకరు చెప్పినట్టు బ్యాచ్ నంబర్లు చూస్తే, తేడా అంతా ఒక్క బ్యాచ్‌లోనే! ఆ పెట్టెలకి ఎర్ర టేపు చుట్టి విడిగా పెట్టాం. పాడైనవి పారేయలేదు, రుజువు అవే కదా. వైద్య పరికరాల వల్ల వచ్చే ఇబ్బందుల్ని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్‌కి (2015లో మొదలైంది) రిపోర్టు కూడా పంపాం.

అసలు టెన్షన్ ఉద్దానం నుంచి వచ్చేవాళ్ల గురించి. వారానికి రెండు మూడుసార్లు రావాల్సిన మనిషికి ‘ఎల్లుండి రండి’ అని ఏ మొహం పెట్టుకుని చెప్తాం? విశాఖలో తెలిసిన యూనిట్‌ని బతిమాలి సెట్లు అరువు తెచ్చాం. అర్ధరాత్రి బస్సు దిగి మా టెక్నీషియన్ తమ్ముడే అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. అరువు తెచ్చేముందు మీ మెషిన్‌కి సరిపోతాయో లేదో కనుక్కోండి. పంపులో కూర్చునే గొట్టం సైజు తేడా ఉంటే పనికిరావు.

ఎవరి సెషనూ తప్పలేదు. సప్లయర్ మాత్రం ‘మార్చి ఇస్తాం సార్’ దగ్గరే ఉన్నాడు.