టర్కిష్ సీఓపీడీ ప్రశ్నావళి: ఆల్ఫా బాగుంటే ప్రామాణికమైనట్టేనా?

ప్రశ్న పెట్టినవారు: ఫిజియోథెరపీ పరిశోధకుడు

సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై, ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) రోగి మోస్తున్న భారాన్ని కొలవడానికి నెదర్లాండ్స్‌లో రూపొందిన ఏబీసీ ప్రశ్నావళిలో 14 ప్రశ్నలున్నాయి. వాటిలో 10 అంతకుముందే వాడుకలో ఉన్న సీసీక్యూ అనే సీఓపీడీ ప్రశ్నావళివి; మిగిలిన నాలుగు అలసట, మనోభావాల గురించి అడుగుతాయి. ఇలాంటి దానిని టర్కిష్‌లోకి తెచ్చేటప్పుడు అనుసరించే క్రమం మనకు తెలిసిందే. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, వేరొకరు తిరిగి మూలభాషలోకి మారుస్తారు, కమిటీ సరిచూస్తుంది, 30–40 మంది రోగుల చేత నింపించి చూస్తారు. ఆ పైన క్రోన్‌బాఖ్ ఆల్ఫా (ప్రశ్నలకు వచ్చే జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె) 0.70 దాటిందా, కొద్ది రోజుల తరువాత మళ్లీ అడిగితే అవే జవాబులు వచ్చాయా, శ్వాసకోశ రోగుల జీవన నాణ్యతను కొలిచే సెయింట్ జార్జ్ ప్రశ్నావళితో పొంతన కుదిరిందా అని లెక్క చూస్తారు. ఇవన్నీ కుదిరితే ‘టర్కీ రోగులకు ప్రామాణికం’ అని రాయవచ్చునా? ఆ కాగితం ఎవరి చేతికి ఇచ్చారో తేలేవరకు రాయకూడదని నా అభిప్రాయం.

శ్వాసకోశ వైద్యుడు

రాయవచ్చును. ఊపిరి ఊదించి తీసిన అంకెకూ రోగి పడే ఆయాసానికీ పొత్తు కుదరదని తెలిసే, 2011లో గోల్డ్ అనే అంతర్జాతీయ సీఓపీడీ మార్గదర్శకాలు లక్షణాల స్కోరును కూడా లెక్కలోకి తీసుకున్నాయి. కిక్కిరిసిన ఓపీలో 50 ప్రశ్నల సెయింట్ జార్జ్ కాగితం నింపించడం అయ్యే పని కాదు. ఏబీసీ ఫలితం ఆకుపచ్చ, నారింజ, ఎరుపు బెలూన్లుగా తెర మీద కనబడుతుంది. రోగి తానే ఎర్ర బెలూన్‌ను చూపి మాట మొదలుపెడతాడు. 2016లో వెలువడిన డచ్ పరీక్షలో, 18 నెలల తరువాత జీవన నాణ్యత చెప్పుకోదగినంత మెరుగుపడినవారు ఈ సాధనం వాడినవారిలో 34 శాతం, వాడనివారిలో 22 శాతం. ఇంత పనికొచ్చేదాన్ని ఇంకా ఇంకా పరీక్షల పేరుతో ఆపితే నష్టపోయేది రోగే.

గణాంక శాస్త్ర అధ్యాపకురాలు

డాక్టరుగారు చెప్పిన ఫలితం బెలూన్లు, చికిత్సా ప్రణాళిక, సంభాషణ అన్నీ కలిసిన సాధనానిది. టర్కిష్‌లోకి మారిన 14 ప్రశ్నల కొలతకు దానిని సాక్ష్యంగా తెచ్చుకోలేము. ఇక ఆల్ఫా సంగతి: ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా అడిగినా అది పెరుగుతుంది, కనుక 0.95 దాటితే సంతోషించడం మాని, ఏ ప్రశ్న అదనమో చూడాలి. పొంతన చూడడానికి సీసీక్యూను పక్కన పెట్టుకోవడం మరీ తేలిక మార్గం. 14లో 10 ప్రశ్నలు ఉమ్మడిగా ఉన్నప్పుడు పొంతన ఎక్కువ రాక ఏమవుతుంది? తన నీడతో తన ఎత్తు సరిచూసుకున్నట్టే. సెయింట్ జార్జ్‌కు, క్యాట్ అనే చిన్న సీఓపీడీ ప్రశ్నావళికి టర్కిష్ రూపాలు ఉన్నాయి కాబట్టి వాటితో చూడాలి. అయితే ప్రశ్న పెట్టినవారు కోరే స్థాయి ఆచరణలో సాధ్యమా అన్న సందేహం నాకూ ఉంది.

ప్రశ్న పెట్టినవారు

నేను కోరేది ఒక ఉదాహరణతో చెబుతాను. టర్కీలో కోఆహ్ అని పిలిచే ఈ జబ్బు పొగతాగే పురుషులతోనే ఆగదు. తూర్పు అనటోలియా పల్లెల్లో పిడకలు వేసి తందూరు పొయ్యి మీద ఏళ్ల తరబడి రొట్టెలు కాల్చిన స్త్రీలకు, ఒక్క సిగరెట్టు కాల్చకపోయినా ఇది వస్తుంది. సీసీక్యూ నుంచి వచ్చిన ఒక ప్రశ్న, మెట్లెక్కడం, త్వరత్వరగా నడవడం, ఆటలాడడం వంటి శ్రమకు ఊపిరి ఎంత అడ్డుపడిందని అడుగుతుంది. ఒంటి అంతస్తు ఇంట్లో ఉండి, ఆటల ఊసే లేని అరవై ఏళ్ల మనిషి ‘ఏమీ అడ్డుపడలేదు’ అని సున్నా పెట్టిస్తుంది. నీళ్ల బిందె ఎత్తడం కోడలికి అప్పగించిన సంగతి ఆ సున్నాలో ఎక్కడా ఉండదు. పైగా చదవడం రాక, కొడుకు చదివి వినిపిస్తుంటే, దిగులుగా ఉందా అన్న ప్రశ్నకు కొడుకు ఎదుట ఆమె ఏమి చెబుతుంది? నగరపు ఛాతీ క్లినిక్కుకు వచ్చిన మాజీ ధూమపాయులతో తీసిన ఆల్ఫా ఎంత బాగున్నా ఈమె గురించి ఏమీ చెప్పదు.

శ్వాసకోశ వైద్యుడు

అలాగైతే మెట్ల బదులు నమాజులో వంగి లేవడం అని ఉదాహరణ మార్చితే సరిపోతుంది కదా?

గణాంక శాస్త్ర అధ్యాపకురాలు

ఆ మార్పుతో ప్రశ్న ఆమెకు దగ్గరవుతుంది, కానీ వచ్చే స్కోరును డచ్ రోగి స్కోరు పక్కన పెట్టే హక్కు పోతుంది. వంగితే వచ్చే ఆయాసమూ మెట్లెక్కితే వచ్చే ఆయాసమూ ఒకే మెట్టు మీద ఉంటాయని ముందుగానే అనుకోలేము. ఉదాహరణ మార్చాలంటే, ఒకే తీవ్రత గల పురుషులూ స్త్రీలూ ఆ ప్రశ్నకు వేరువేరుగా జవాబిస్తున్నారేమో పరీక్షించాలి. దానికి ఒక్కో వర్గంలో దాదాపు 200 మంది కావాలి. ఒక్క ఆసుపత్రి వల్ల అయ్యేది కాదు. ఈలోగా నేను ఒప్పుకొనేది ఇంతవరకే: ‘చదవగలిగి, స్వయంగా నింపిన, క్లినిక్కుకు వచ్చే రోగులలో పరీక్షించినది’ అని శీర్షికలోనే రాసి ప్రచురించవచ్చు. ఊపిరితిత్తుల పునరావాస శిక్షణకు ముందూ తరువాతా స్కోరు కదులుతుందో లేదో కూడా చూపాలి. కదలని కొలతతో బెలూన్ రంగు మారదు కదా, డాక్టరుగారూ.

శ్వాసకోశ వైద్యుడు

శీర్షికలో పరిమితి రాయడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే చదవడం రాని రోగిని ఆ పరిమితి పేరుతో అసలు అడగకుండా వదిలేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. కొడుకును బయట కూర్చోబెట్టి నర్సు చేత అడిగించి, ఎవరు అడిగారో కాగితం మీద గుర్తు పెడతాను.

ప్రశ్న పెట్టినవారు

అలా అడిగించిన కాగితాలను వేరుగా లెక్కకట్టితే నాకూ సమ్మతమే. రెంటినీ ఒకే సగటులో కలిపితే మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంటుంది.